సింకు మూసుకుపోకుండా ఏం చేయాలి: జాలీ, వేడినీళ్లు, ఎంజైమ్, మందు... మీ ఇంటికి ఏది సరిపోతుంది?

నేను మొదటిసారి కొన్న సింకు జాలీ చాలా మంచిది. అదే దాంతో వచ్చిన చిక్కు. స్టీలు తీగతో, టీ వడకట్టే జల్లెడంత సన్నగా అల్లినది. నలుసు కూడా కిందికి పోనిచ్చేది కాదు. నాలుగు గిన్నెలు తోమేసరికి దాని కళ్లన్నీ పూడుకుపోయి సింకులో నీళ్లు నిలిచిపోయేవి. వారం తిరక్కముందే ఇంట్లో అందరూ దాన్ని తీసి గట్టు మీద పెట్టి గిన్నెలు తోమడం అలవాటు చేసుకున్నారు. తోమడం అయ్యాక మళ్లీ జాగ్రత్తగా దాని చోట పెట్టేవాళ్లు. పైనుంచి చూస్తే అంతా సవ్యంగానే ఉన్నట్టుండేది. మూడు నెలలకు సింకు జామ్ అయింది.

అప్పటినుంచి ఈ విషయంలో ఎవరు సలహా అడిగినా నా మొదటి ప్రశ్న ఒకటే: మీ ఇంట్లో గిన్నెలు ఎవరు తోముతారు, వాళ్లకు ఎంత ఓపిక ఉంది? మందులు, జాలీలు, మిషన్ల సంగతి ఆ తర్వాత.

ముందు ఆ గొట్టంలో ఏం జరుగుతుందో చూద్దాం

సింకు కింద వంకర తిరిగిన గొట్టం ఉంటుంది. దాన్ని ట్రాప్ అంటారు. కొన్ని ఇళ్లలో సీసా ఆకారంలో ఉండే బాటిల్ ట్రాప్ ఉంటుంది. రెండింట్లోనూ ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి ఉంటాయి, మురుగు వాసన ఇంట్లోకి రాకుండా ఆ నీళ్లే అడ్డుపడతాయి. అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల తయారీదారు 1775లో మరుగుదొడ్డి కోసం ఇలాంటి వంపు గొట్టానికే పేటెంట్ తీసుకున్నాడు. ఇన్నేళ్లయినా ఆ ఉపాయం పెద్దగా మారలేదు. అయితే వాసనను ఆపే ఆ వంపులోనే బరువైన నలుసులు కూడా ఆగుతాయి. పైగా వంటింటి సింకు గొట్టం సాధారణంగా 40 నుంచి 50 మిల్లీమీటర్ల వెడల్పే ఉంటుంది.

అందులోకి దిగేవాటిలో మనకు ఇబ్బంది పెట్టేవి రెండు రకాలు. ఒకటి జిడ్డు, రెండోది గట్టి పదార్థం.

జిడ్డు మోసం చేస్తుంది. పెనం మీద ఉన్నప్పుడు నీళ్లలాగే పారుతుంది కాబట్టి గొట్టంలోనూ అలాగే పారిపోతుందనుకుంటాం. కానీ వెన్న దాదాపు 35 డిగ్రీల సెల్సియస్ కన్నా, కొబ్బరినూనె 24 డిగ్రీల కన్నా చల్లబడితే గడ్డకట్టడం మొదలవుతుంది. గోడ లోపల చల్లగా ఉండే గొట్టంలో ఆ వేడికి దిగిపోవడానికి ఎంతోసేపు పట్టదు. గడ్డకట్టని నూనెల వల్ల కూడా బెడద లేకపోలేదు. అవి గొట్టం గోడకు పలచని పొరలా అంటుకుని, నీళ్లలోని కాల్షియంతో కలిసి మెల్లగా ఒక రకం గట్టి సబ్బుగా మారతాయి. ఆ సబ్బు నీళ్లలో కరగదు. ఇదే పని పెద్ద ఎత్తున జరిగితే ఎలా ఉంటుందో లండన్‌లో చూశారు. 2017లో వైట్‌చాపెల్ ప్రాంతంలో భూగర్భ మురుగు కాలువలో 250 మీటర్ల పొడవున, సుమారు 130 టన్నుల బరువున్న కొవ్వు గడ్డ బయటపడింది. జనం పారబోసిన వంటనూనె, కొవ్వుకు తోడు మరుగుదొడ్లలో వేసిన తడి వైప్స్ కలిసి కట్టిన గడ్డ అది.

గిన్నెలు తోమే లిక్విడ్ జిడ్డును వదిలిస్తుంది కదా అని అడుగుతారు. వదిలిస్తుంది, ప్లేటు నుంచి. నూనెను చిన్న చిన్న చుక్కలుగా విడగొట్టి నీళ్లలో కలిపి ఉంచుతుంది. ముందుకు పోయేకొద్దీ నీళ్లు ఎక్కువై, చల్లబడి, ఆ కలయిక బలహీనపడుతుంది. చుక్కలు మళ్లీ ఒకదానికొకటి అంటుకుంటాయి. ప్లేటు మీద జిడ్డు లేకపోయినంత మాత్రాన గొట్టంలో లేనట్టు కాదు.

ఇక గట్టి పదార్థాలు. అన్నం, పాస్తా లాంటివి నీళ్లలో ఉబ్బుతాయి, నలిగితే జిగురవుతాయి. పిండి కడిగిన నీళ్లు కూడా అంతే. కాఫీ పొడి పిప్పి కరగదు, ట్రాప్ అడుగున దిగి కూర్చుంటుంది. గుడ్డు పెంకు ముక్కలు కూడా అక్కడికే చేరతాయి. వీటిలో ఏదో ఒకటి మాత్రమే పోతే నీటి ఉరవడికి కొంతవరకు కొట్టుకుపోవచ్చు. జిడ్డుతో కలిస్తే మాత్రం సున్నంలో ఇసుక కలిపినట్టే, కొన్నాళ్లకు గారలా పట్టేస్తుంది.

ఏ ఉపాయాన్నైనా ఈ నాలుగు ప్రశ్నలతో కొలవండి

మొదటిది, అది దేన్ని ఆపుతుంది: జిడ్డునా, గట్టి ముక్కలనా? రెండూ ఆపేది దాదాపు ఏదీ లేదు. కొనేటప్పుడు ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

రెండోది, రోజూ ఎంత పని? వారానికోసారి పది నిమిషాలు ఇవ్వగలిగినవాళ్లు వేరు, ప్రతి పూటా పది సెకన్లు ఇవ్వగలిగినవాళ్లు వేరు. ఒకే మనిషి ఈ రెండూ చేయడం తక్కువే చూశాను.

మూడోది, గొట్టానికీ మనిషికీ హాని ఉందా? ప్లాస్టిక్ గొట్టం, పాత ఇనుప గొట్టం, సెప్టిక్ ట్యాంకు... ఒక్కోదానికి ఒక్కో బలహీనత.

నాలుగోది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. మరిచిపోతే ఏమవుతుంది? కొన్ని ఉపాయాలు నాలుగు రోజులు వదిలేసినా పెద్ద నష్టం ఉండదు. కొన్నింటిని వదిలేస్తే అవే ఇబ్బందిగా తయారవుతాయి.

తుడిచి కడగడం

పెనం, బాణలి, ప్లేట్లు సింకులో వేయకముందే వాటి మీద జిడ్డు తుడిచేయడం. మిగిలిన నూనెను చల్లారనిచ్చి మూత ఉన్న డబ్బాలోకి ఒంపడం. డబ్బా నిండాక పొడి చెత్తతో పంపేయడం, లేదా వాడిన నూనె తీసుకునే కేంద్రం దగ్గర్లో ఉంటే అక్కడ ఇవ్వడం. అంతే. కొనాల్సిందేమీ లేదు కాబట్టి దీని గురించి ప్రకటనలు రావు.

నేను పోల్చిన వాటిలో జిడ్డును గొట్టంలోకి దిగకముందే ఆపేది ఇదొక్కటే (గ్రీజ్ ట్రాప్ అనే పెట్టె కూడా ఆపుతుంది కానీ అది చాలా ఇళ్లకు అవసరం లేదు, కింద చెబుతాను). మిగతావన్నీ దిగిన జిడ్డుతో కుస్తీ పట్టేవే. గిన్నెకు ఐదారు సెకన్ల పని. ఒకరోజు మరిచిపోయినా కొంప మునగదు. నెలల తరబడి మరిచిపోతే మాత్రం తెలుస్తుంది.

ప్రతిసారీ పేపరు వాడాలంటే మనసొప్పని వాళ్లు చిన్న రబ్బరు గరిటె ఒకటి సింకు పక్కన పెట్టుకోండి. దానితో గీస్తే ప్లేటు మీద కూర అడుగు కూడా వచ్చేస్తుంది, ఆ తర్వాత తోమడం సగం తగ్గుతుంది. నిజానికి ఈ పద్ధతి మా ఇంట్లో నిలబడింది గొట్టం మీద శ్రద్ధతో కాదు, తోమే పని తగ్గుతుందని తెలిశాకే. ఒక జాగ్రత్త: కాగిన నూనెను పలచని ప్లాస్టిక్ డబ్బాలో పోయకండి, డబ్బా కరిగి చేతులు కాలతాయి. డబ్బాలో చేరిన నూనెను మరుగుదొడ్డిలో పోస్తే ప్రయోజనం లేదు, అదీ చివరికి మురుగు గొట్టంలోకే పోతుంది.

జాలీ

గట్టి ముక్కలను ఆపడానికి దీన్ని మించింది లేదు. జిడ్డు విషయంలో మాత్రం ఏమీ చేయలేదు. కాబట్టి "జాలీ పెట్టినా జామ్ అయింది" అంటే తప్పు జాలీది కాదు.

మూడు రకాలు దొరుకుతాయి. చిల్లులున్న స్టీలు బుట్ట, సన్న తీగతో అల్లినది, మెత్తగా వంగే సిలికాన్‌ది. అల్లినది అన్నిటికన్నా చిన్న నలుసునూ పడుతుంది, కానీ త్వరగా పూడుకుపోతుంది, అల్లిక సందుల్లో పాచి పట్టి కడగడం కష్టమవుతుంది. సిలికాన్‌ది తిరగేసి దులపడం సులువు, చాలావాటికి చిల్లులు పెద్దవి కావడంతో కాఫీ పొడి లాంటివి జారిపోతాయి. లోతైన స్టీలు బుట్ట ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. చిల్లులు రెండు మూడు మిల్లీమీటర్లు ఉన్నది, కాస్త లోతున్నది చూసుకోండి. లోతు ఉంటే అడుగున చెత్త పేరుకున్నా పక్క చిల్లుల నుంచి నీళ్లు దిగుతూనే ఉంటాయి. నా మొదటి జాలీకి లేనిది ఆ లోతే. కొనేముందు సింకు రంధ్రం వెడల్పు కొలిచి వెళ్లండి. చూపుకు ఒకేలా ఉన్నవి కూడా అర అంగుళం తేడాతో సరిపోవు.

దులిపే పద్ధతిలో ఒక పొరపాటు దాదాపు అందరూ చేస్తారు. జాలీ ఎత్తి, అక్కడే కుళాయి కింద పెట్టి, తెరిచి ఉన్న రంధ్రం మీదే కడుగుతారు. అంతసేపూ ఆపిన చెత్తలో సగం ఆ నిమిషంలోనే లోపలికి పోతుంది. ముందు చెత్తబుట్ట అంచుకు కొట్టి దులపాలి, తర్వాతే కడగాలి. రెండు జాలీలు కొనుక్కుంటే ఇంకా నయం: ఒకటి తీయగానే రెండోది పెట్టేయొచ్చు, మొదటిది తీరిగ్గా కడుక్కోవచ్చు.

మరిచిపోతే? నీళ్లు నిలుస్తాయి, మీకు వెంటనే తెలుస్తుంది. ఇది దాని గొప్పతనం. గొట్టం లోపల నిశ్శబ్దంగా జరగాల్సిన నష్టాన్ని సింకు పైకే తెచ్చి చూపిస్తుంది.

వేడినీళ్లు

జిడ్డు మీద కొంత పనిచేస్తుంది, కానీ అనుకున్నంత కాదు. వేడికి జిడ్డు కరిగి కదులుతుంది, పోయి పోయి నీళ్లు చల్లబడిన చోట మళ్లీ పేరుకుంటుంది. సొంత ఇల్లు, బయటి కాలువ దగ్గర్లోనే ఉంటే ఆ చోటు మీ గొట్టం దాటి ఉండొచ్చు. అపార్ట్‌మెంట్ అయితే అందరూ పంచుకునే నిలువు గొట్టంలోకి జరుగుతుంది. అంటే మీ సింకు బెడద కింది అంతస్తు వాళ్లకు చేరుతుంది, పై అంతస్తు వాళ్లది మీకు.

ప్లాస్టిక్ గొట్టాలున్న ఇంట్లో సలసల మరిగే నీళ్లు పోయకండి. సాధారణ పీవీసీ గొట్టం సుమారు 60 డిగ్రీల వరకే తట్టుకునేలా ఉంటుంది. అంతకు మించితే మెత్తబడుతుంది, కీళ్లు వదులవుతాయి. పింగాణీ సింకు ఒక్కసారిగా వేడెక్కితే పగుళ్లు కూడా రావచ్చు. చేయి పెట్టలేనంత వేడిగా ఉన్న కుళాయి నీళ్లు చాలు, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం కలిపితే ఇంకా మంచిది.

వేడి కన్నా నేను ఉరవడిని ఎక్కువ నమ్ముతాను. వారానికోసారి సింకు రంధ్రం మూసి, తొట్టి సగం పైగా గోరువెచ్చని నీళ్లు నింపి, ఒక్కసారిగా మూత తీయండి. గిన్నెలు కడిగేటప్పుడు సన్నగా పారే నీళ్లు గొట్టం అడుగునే జారిపోతాయి. ఇలా వదిలిన నీళ్లు గొట్టమంతా నిండి పారుతూ, ఇంకా గట్టిపడని చెత్తను నెట్టుకుపోతాయి.

వంటసోడా, వెనిగర్

నురగ చూస్తే ముచ్చటేస్తుంది. ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం. కలిపితే రెండూ ఒకదాన్నొకటి చంపుకుని కార్బన్ డయాక్సైడ్, నీళ్లు, సోడియం అసిటేట్ మిగులుతాయి. ఆ వాయువు తెరిచి ఉన్న పైవైపుకే పొంగుతుంది, గడ్డను నెట్టేంత ఒత్తిడి పుట్టదు. జిడ్డును కరిగించే శక్తి మిగిలిన ద్రావణానికి లేదు. వాసన తగ్గడానికి పనికొస్తుంది, హాని లేదు. జామ్ కాకుండా ఆపుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఎంజైమ్, బాక్టీరియా ద్రావణాలు

ఇవి జిడ్డును, పిండి పదార్థాలను విడగొట్టే ఎంజైమ్‌లతోనో, ఆ ఎంజైమ్‌లను తయారుచేసే బాక్టీరియాతోనో పనిచేస్తాయి. రాత్రి పడుకోబోయే ముందు పోసి, ఉదయం దాకా సింకు వాడకుండా ఉంచాలి. గంటల పని, కొన్నిసార్లు వారాల పని. అందుకే పూర్తిగా మూసుకుపోయిన గొట్టానికి ఇది మందు కాదు. నీళ్లు అసలు దిగకపోతే ద్రావణం గడ్డ దాకా చేరడమే కష్టం.

మంచి విషయం ఏమిటంటే గొట్టానికి హాని లేదు, సెప్టిక్ ట్యాంకుకు భయం లేదు, చేతికి తగిలినా కాస్టిక్ సోడాలా కాల్చదు. ఇబ్బందల్లా దీనికి క్రమం తప్పకూడదు. రెండు నెలలు పోసి ఆపేస్తే పేరుకోవడం మళ్లీ మొదలు. బ్లీచ్ పోసిన రోజున, మరిగే నీళ్లు పోసిన రోజున దీన్ని వాడటం డబ్బు దండగ, బాక్టీరియా చస్తాయి, ఎంజైమ్‌లు పాడవుతాయి. డబ్బా మీద గడువు తేదీ చూడండి. పాలప్యాకెట్టుకు చూసే మనం దీనికి చూడం.

కాస్టిక్ సోడా, ఆమ్లం

ఇవి పాడైన తర్వాత వాడేవి, పాడవకుండా ఆపేవి కాదు. అయినా "నెలకోసారి కొంచెం పోస్తే శుభ్రంగా ఉంటుంది" అనేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి చెప్పాల్సి వస్తోంది: ఆ అలవాటు చేసుకోకండి.

సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా, నీళ్లలో కలిసేటప్పుడు బాగా వేడి పుట్టిస్తుంది. జిడ్డును సబ్బుగా మారుస్తుంది, నిజమే. గొట్టం మూసుకుపోయి ఉంటే అది కదలకుండా ఒకేచోట వేడెక్కి ప్లాస్టిక్‌ను వంచగలదు. అల్యూమినియం తగిలితే మండే స్వభావమున్న హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. ఆమ్లం రకాలు లోహపు గొట్టాలను తినేస్తాయి. ఒకటి పనిచేయలేదని ఇంకొకటి పోయడం అన్నిటికన్నా ప్రమాదం. ఆమ్లమూ బ్లీచూ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది. కాస్టిక్, ఆమ్లం కలిస్తే ఎగజిమ్ముతాయి.

ఇంకో మాట. ఇలాంటిది పోశాక పని కాకపోతే, ప్లంబర్ వచ్చినప్పుడు అడక్కపోయినా చెప్పండి. ట్రాప్ విప్పగానే అది అతని చేతుల మీద, ముఖం మీద పడుతుంది.

చెత్త రుబ్బే మిషన్

సింకు కింద బిగించే ఈ మిషన్‌ను 1927లో అమెరికాలో జాన్ హామ్స్ అనే ఆర్కిటెక్ట్ కనిపెట్టాడు. న్యూయార్క్ నగరంలో చాలా ప్రాంతాల్లో మురుగు కాలువలకు చేటని 1997 దాకా వీటిని నిషేధించారు. సౌకర్యంగా ఉంటుంది, చెత్తబుట్ట వాసన తగ్గుతుంది. కానీ జామ్ కాకుండా ఆపే సాధనమని దీన్ని కొంటే పొరబడినట్టే. ఇది ముక్కలను ఆపదు, చిన్నవి చేసి లోపలికే పంపుతుంది. జిడ్డును అసలే ఆపదు. పీచున్న కూరగాయలు చుట్టుకుపోతాయి, పిండి పదార్థాలు ముద్దవుతాయి. ఇప్పటికే ఉంటే చల్లటి నీళ్లు ధారాళంగా వదులుతూ నడపండి, ఆపాక కూడా కాసేపు నీళ్లు పోనివ్వండి. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇంట్లో ట్యాంకు త్వరగా నిండుతుంది.

గ్రీజ్ ట్రాప్

హోటళ్లలో ఉండే పెట్టె. నూనె నీళ్ల కన్నా తేలిక కాబట్టి పెట్టెలో నీళ్లు నెమ్మదించిన చోట పైకి తేలి ఆగిపోతుంది, నీళ్లు కింది నుంచి పోతాయి. ఇళ్లకు చిన్నవీ ఉన్నాయి. తేలిన కొవ్వు, అడుగున దిగిన మడ్డి కలిపి పెట్టెలో పావు వంతు చేరకముందే ఖాళీ చేయాలి. మరిచిపోతే భరించలేని కంపు, ఆపైన జిడ్డంతా దాటి గొట్టంలోకే పోతుంది. ఇంట్లోనే వండి అమ్మే వ్యాపారం ఉన్నవాళ్లు తప్ప మిగతావాళ్లు దీని జోలికి పోనక్కర్లేదు.

ట్రాప్ విప్పి కడగడం

నాకు బాగా నచ్చినది, ఎక్కువమంది భయపడేది కూడా ఇదే. ప్లాస్టిక్ ట్రాప్ చాలావరకు చేత్తో తిప్పి విప్పేలానే ఉంటుంది. కింద బకెట్ పెట్టండి. విప్పకముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి, ఏ వాషర్ ఏ వైపు ఉందో తర్వాత గుర్తుండదు. నట్లు వదులు చేసి, ట్రాప్ దించి, పాత బ్రష్‌తో లోపల తోమండి. విప్పిన ట్రాప్‌ను అదే సింకులో కడగబోయి కాళ్లు తడుపుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. బయట కుళాయి దగ్గరకు తీసుకెళ్లండి. బిగించేటప్పుడు చేతి బలం చాలు, పట్టకారు పెట్టి బిగిస్తే ప్లాస్టిక్ నట్టు పగులుతుంది. తర్వాత నీళ్లు వదిలి, కీళ్ల చుట్టూ పొడి టిష్యూ పేపరు అద్దండి. కంటికి కనిపించని చెమ్మ కూడా దాని మీద తెలిసిపోతుంది.

మూడు నాలుగు నెలలకోసారి, పావుగంట పని. రెండుసార్లు చేశాక మీ ఇంటి గొట్టంలోకి ఏం పోతోందో మీకే తెలుస్తుంది. కాఫీ పిప్పి కనిపిస్తే జాలీ చిల్లులు పెద్దవని, తెల్లటి జిడ్డు కనిపిస్తే తుడవడం లేదని అర్థం. పరిమితులూ ఉన్నాయి. ట్రాప్ దాటాక గోడలోకి పోయే గొట్టాన్ని ఇది ముట్టుకోదు. పాత, తుప్పు పట్టిన లోహపు ట్రాప్ అయితే విప్పే ప్రయత్నమే చేయకండి, విరిగి చేతికొస్తుంది. మందు పోసిన గొట్టాన్ని అసలే విప్పకండి.

ఒకచోట చూస్తే

| ఉపాయం | జిడ్డు | గట్టి ముక్కలు | పని | గొట్టానికి | మరిచిపోతే |
|---|---|---|---|---|---|
| తుడిచి కడగడం | ఆపుతుంది | చాలావరకు ఆపుతుంది | పూటపూటా కొద్దిగా | హాని లేదు | నెమ్మదిగా పేరుకుంటుంది |
| లోతైన జాలీ | ఆపదు | ఆపుతుంది | పూటపూటా కొద్దిగా | హాని లేదు | నీళ్లు నిలిచి చెబుతుంది |
| వేడినీళ్లు | ముందుకు జరుపుతుంది | కొంచెం | వారానికోసారి | మరిగితే హాని | పెద్ద తేడా లేదు |
| సోడా, వెనిగర్ | లేదు | లేదు | నెలకోసారి | హాని లేదు | ఏమీ కాదు |
| ఎంజైమ్ | నెమ్మదిగా విడగొడుతుంది | కొన్నింటినే | క్రమం తప్పకుండా రాత్రిపూట | హాని లేదు | పేరుకోవడం మళ్లీ మొదలు |
| కాస్టిక్, ఆమ్లం | కరిగిస్తుంది | కొన్నింటినే | నివారణకు వద్దు | హాని, మనిషికీ ముప్పు | వర్తించదు |
| రుబ్బే మిషన్ | ఆపదు | చిన్నవి చేస్తుంది | వాడినప్పుడల్లా నీళ్లు | సెప్టిక్ ట్యాంకుకు భారం | ముద్ద చేరుతుంది |
| గ్రీజ్ ట్రాప్ | ఆపుతుంది | కొంత | తరచూ ఖాళీ చేయాలి | హాని లేదు | కంపు, ఆపైన జామ్ |
| ట్రాప్ విప్పడం | వంపులోది తీస్తుంది | వంపులోది తీస్తుంది | 3, 4 నెలలకోసారి | పాత లోహానికి వద్దు | తర్వాతి నెలలో చేయొచ్చు |

మీ ఇల్లు ఎలాంటిది?

అద్దె ఇంట్లో ఉండి, గొట్టాలు ముట్టుకోవడం ఇష్టం లేనివాళ్లకు తుడవడం, లోతైన జాలీ, ఈ రెండూ సరిపోతాయి. ఇల్లు మారినప్పుడు జాలీ తీసుకెళ్లొచ్చు. ఇంట్లో చేరిన మొదటి రోజే సింకు నిండా నీళ్లు నింపి వదిలి, ఎంతసేపట్లో దిగాయో చూసుకోండి. పాత వాళ్ల జిడ్డు మీ లెక్కలో పడకుండా ఉంటుంది.

పెద్ద కుటుంబం, రోజూ వేపుళ్లు ఉండే ఇల్లు అయితే జాలీ ఎంత మంచిది కొన్నా సరిపోదు, మీకు పడే దెబ్బ జిడ్డుతోనే. నూనె డబ్బా పొయ్యి పక్కనే, కంటికి కనిపించేలా పెట్టండి. దాచిపెడితే ఎవరూ వాడరు. దానికి తోడు ఎంజైమ్ పెట్టుకోవడంలో అర్థముంది.

గిన్నెలు తోమేది మీరు కాకుండా వేరొకరైతే తుడవడం మీద ఆశ పెట్టుకోకండి. చెప్పడం మీ వంతే, చేయడం వాళ్ల తీరికను బట్టి ఉంటుంది. అలాంటి ఇంట్లో దులపడం సులువుగా ఉండే బుట్ట జాలీ, మూడు నెలలకోసారి మీరే ట్రాప్ విప్పడం మంచిది. సన్న అల్లిక జాలీ మాత్రం వద్దు, అది గట్టెక్కి కూర్చుంటుంది.

సెప్టిక్ ట్యాంకు ఉన్నవాళ్లు రుబ్బే మిషన్, బ్లీచ్, కాస్టిక్ మూడింటికీ దూరంగా ఉండండి. ట్యాంకు నడిచేదే బాక్టీరియాతో.

పాత ఇనుప గొట్టాలున్న ఇంట్లో లోపలి గోడ తుప్పుతో గరుకుగా ఉంటుంది, చిన్న నలుసు కూడా పట్టుకుంటుంది. జాలీ విషయంలో మీరు మిగతావాళ్ల కన్నా పట్టుదలగా ఉండాలి. ఆమ్లం వద్దే వద్దు.

డిష్‌వాషర్ ఉన్నవాళ్లు ఒక విషయం చూసుకోండి. చాలా ఇళ్లలో దాని గొట్టం సింకు గొట్టంలోనే కలుస్తుంది. సింకు జాలీ దాన్ని కాపాడదు. దానికి లోపలే ఒక ఫిల్టర్ ఉంటుంది, దాన్ని కడగడం కూడా సింకు మూసుకుపోకుండా చూసుకోవడంలో భాగమే.

ఒంటరిగా ఉంటూ అరుదుగా వండేవాళ్లకు జాలీ ఒక్కటి చాలు. ఎక్కువ రోజులు ఊరెళ్లి వచ్చాక సింకు దగ్గర మురుగు వాసన వస్తే గొట్టం చెడిందనుకోకండి. ట్రాప్‌లో నీళ్లు ఆవిరైపోయి ఉంటాయి. ఒక చెంబు నీళ్లు పోస్తే తగ్గిపోతుంది.

ఇప్పటికే మెల్లగా దిగుతుంటే

నివారణ వస్తువులు కొనే ముందు ఉన్నదాన్ని వదిలించాలి. కప్పు ఆకారం ప్లంజర్ తీసుకోండి. సింకు రెండు తొట్లదైతే రెండో రంధ్రాన్ని, అంచు దగ్గర పొర్లునీటి రంధ్రం ఉంటే దాన్నీ తడిగుడ్డతో గట్టిగా మూసి, కప్పు మునిగేదాకా నీళ్లు పెట్టి పదిహేను ఇరవై సార్లు నొక్కి లాగండి. గుడ్డ పెట్టకపోతే ఒత్తిడంతా ఆ పక్క నుంచే పోతుంది, ప్లంజర్ పనిచేయదని తిట్టుకునేవాళ్లలో ఎక్కువమంది చేసేది ఇదే. దానికీ లొంగకపోతే ట్రాప్ విప్పి చూడండి. అక్కడ ఖాళీగా ఉంటే గడ్డ గోడ లోపలి గొట్టంలో ఉన్నట్టు, గొట్టంలోకి తిప్పుతూ దూర్చే స్ప్రింగ్ వైరు పెట్టాలి. సింకుతోపాటు బాత్‌రూమ్‌లో కూడా నీళ్లు దిగకపోతే అది ప్రధాన గొట్టం సంగతి, ప్లంబర్‌ను పిలవడమే.

అన్నీ పాటిస్తున్నా మూడు నాలుగు నెలలకోసారి సరిగ్గా అదే ఇబ్బంది వస్తుంటే మీ అలవాట్లను అనుమానించడం ఆపి గొట్టాన్ని అనుమానించండి. ఇంత సన్నని గొట్టానికి మీటరు పొడవుకు సుమారు 20 మిల్లీమీటర్ల వాలు ఉండాలి. ఎక్కడైనా గొట్టాన్ని పట్టి ఉంచే క్లాంపు ఊడి గొట్టం కుంగితే ఆ గుంటలో నీళ్లు నిలిచి, ప్రతిసారీ అక్కడే జిడ్డు కడుతుంది. ఈసారి ప్లంబర్ వచ్చినప్పుడు, కనిపించేంత మేర గొట్టం మీద వాలు చూసే లెవల్ పెట్టి చూపించమనండి.